కోరంగి రేవు: అడవికీ కడలికీ నడుమ ఒక చరిత్ర

తూర్పుతీరపు ఓడరేవులను గురించి తరగతిలో పాఠం చెబుతున్నప్పుడు ఒక విద్యార్థి లేచి, "సార్, మన జిల్లాకు సముద్రమే లేదు గదా! ఓడల చరిత్ర మనకెందుకు?" అని అడిగాడు. తరగతి నవ్వినది. ప్రశ్న మాత్రం నవ్వి త్రోసివేయదగినది కాదు. ఖమ్మం నుండి కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలం చేరి గోదావరి ఒడ్డున నిలబడిన వానికి కనిపించేది నది, ఇసుక, దూరాన అడవి. సముద్రపు గాలి కూడా ఇక్కడికి రాదు. అయినను ఈ నేలకు సముద్రంతో గల సంబంధం చాలా పాతది. ఆ విద్యార్థికి ఆనాడు గంట మ్రోగుటచే చెప్పలేకపోయిన సమాధానమే ఈ వ్యాసం.

శ్రీరామనవమి నాడు భద్రాచలంలో జరిగే కల్యాణానికి ప్రభుత్వం పట్టువస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు పంపడం మనకందరికీ తెలిసినదే. ఈ ఆచారం గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా కాలం నుండి వచ్చినదని పెద్దలు చెప్పుకుంటారు. ముత్యం అడవిలో పుట్టదు. కడలిలో పుట్టి రేవులు దాటి, బాటలు నడచి ఈ అడవి అంచుకు చేరవలసినదే. అట్లే ఈ అడవిలో పుట్టిన టేకుమాను నది మీదుగా సాగి, కడలి అంచున ఓడగా మారినది. ఈ రాకపోకలకు సాక్షిగా నిలిచిన చోట్లలో ముఖ్యమైనది కోరంగి. దాని ముందు సముద్రంలోనికి చేయి చాచినట్లుండే ఒక చిన్న ఇసుక ద్వీపకల్పం కలదు. ఆ రేవును గూర్చి, ఆ ఇసుకనేలను గూర్చి తెలుసుకోవడమంటే మన గుమ్మం ముందు పారే నదిని గూర్చి తెలుసుకోవడమే.

స్థాన స్వరూపం

నాసికం చెంత త్ర్యంబకం వద్ద పుట్టిన గోదావరి సుమారు 1,465 కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతంలో కలియుచున్నది. భద్రాచలం దాటిన పిమ్మట శబరి వచ్చి చేరుతుంది. అటుపై పాపికొండల ఇరుకు గుండా నది దిగి, పోలవరం వద్ద మైదానంలో ప్రవేశించి, ధవళేశ్వరం దిగువన గౌతమి, వశిష్ఠ మొదలైన పాయలుగా చీలుతుంది. ఏడు పాయలు ఏడుచోట్ల సాగరంలో కలియునని పురాణ ప్రసిద్ధి. గౌతమి నుండి చీలిన ఒక చిన్న పాయపై, కాకినాడకు దక్షిణాన, తాళ్ళరేవు, యానాంల చెంత కోరంగి గ్రామం ఉన్నది.

గౌతమి ముఖద్వారం నుండి వెలువడిన ఇసుకను సముద్ర ప్రవాహాలు ఉత్తరదిశగా ఈడ్చుకొనిపోయి ఒక సన్నని గట్టుగా పేర్చినవి. దక్షిణాన మడ అడవుల చెంత మొదలై ఉత్తరాన కాకినాడ వైపు సాగిన ఈ గట్టు సుమారు 16 కిలోమీటర్ల పొడవున్నది. పుట్టుకను బట్టి చూచినచో ఇది ద్వీపకల్పం. వాడుకలో మాత్రం హోప్ దీవి అంటారు. దీని వయస్సు ఎంతో కాదు. సుమారు రెండు శతాబ్దాలు మాత్రమే. కొండలు, నదులు లక్షల ఏండ్లనాటివని చదివే విద్యార్థికి, నాలుగైదు తరాల వెనుకటి మన పూర్వులు చూస్తుండగానే పుట్టి పెరిగిన నేల ఒకటున్నదంటే ఆశ్చర్యం కలుగక మానదు. ఆ నేలలోని ఇసుకలో కొంత భద్రాచలం రేవు ముందునుండి పోయినదే.

ప్రాచీన సాగరయానం

ఆంధ్రతీరపు సాగర వర్తకం క్రీస్తుశకం తొలి శతాబ్దులనాటికే ప్రసిద్ధి కెక్కినది. గ్రీకు నావికుడొకడు వ్రాసిన 'పెరిప్లస్'లో ఈ తీరాన్ని మసాలియా అని పేర్కొని, ఇక్కడ సన్నని నూలుబట్టలు విరివిగా నేయబడునని చెప్పాడు. రెండవ శతాబ్దికి చెందిన టాలమీ ఈ తీరంలోని రేవులను పేర్కొంటూ, సువర్ణభూమికి పోవు ఓడలు తీరాన్ని విడిచి నడిసముద్రంలో ప్రవేశించు స్థానాన్ని కూడా సూచించాడు. శాతవాహన రాజుల నాణెములలో రెండు కొయ్యల ఓడ బొమ్మ గలవి దొరికినవి. తన నాణెంపై ఓడను ముద్రింపించిన రాజుకు ఓడ ఎంతటి ఐశ్వర్యకారకమో ఊహింపవచ్చు.

మనకు మరింత దగ్గరి సాక్ష్యం కాకతీయులది. నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లిలో 1244లో గణపతిదేవుడు వేయించిన అభయశాసనం కలదు. అంతకు ముందు తుఫానులో చిక్కి తీరానికి కొట్టుకొనివచ్చిన ఓడల సరకును పాలకులు స్వాధీనం చేసుకొనెడివారు. ప్రాణము కంటె ధనమే మిన్నగా ఎంచి సముద్రానికి ఒడ్డి వచ్చిన వర్తకుల సొత్తును తాము అపహరింపమనియు, ముప్పదింట ఒక వంతు సుంకం మాత్రమే గ్రహింతుమనియు గణపతిదేవుడు ప్రకటించాడు. ఈ రాజు రాజధాని సముద్రపు ఒడ్డున లేదు. ఎన్నో దినముల ప్రయాణ దూరాన ఓరుగల్లులో ఉన్నది. నేలమధ్య కూర్చున్న రాజు ఓడ పగిలిన వర్తకుని దుఃఖాన్ని గ్రహించగలిగినాడు. "మనకు సముద్రం లేదు" అనే మాటకు తగిన జవాబు ఈ శాసనంలోనే ఉన్నది.

గోల్కొండ కాలం: సాగరం నేర్పిన భాష

కుతుబ్ షాహీ సుల్తానుల కాలంలో గోల్కొండ రాజ్యానికి ప్రధానమైన రేవు మచిలీపట్నం. పదిహేడవ శతాబ్ది తొలి దశకంలో డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు, 1669లో ఫ్రెంచివారు అక్కడ వర్తకశాలలు నెలకొల్పారు. పారశీక, అరబ్బు, తెలుగు వర్తకుల ఓడలు మోఖా, బందర్ అబ్బాస్, అచే, పెగూ, అరకాన్ రేవులకు పోయివచ్చేవి. హజ్ యాత్రికులు సైతం ఈ రేవు నుండి ఎఱ్ఱసముద్రానికి పయనమయ్యేవారు. గోల్కొండ మంత్రి మీర్ జుమ్లాకు స్వంత ఓడలుండేవి.

ఈ కాలపు ముద్ర మన భాషపై నేటికీ చెరగలేదు. బందరు అనే మాట పారశీకం. దాని అర్థమే రేవు. రేవు అధికారి షాబందరు. లంగరు పారశీకం. పడవ నడిపించు సరంగు, పారశీకంలోని సర్‌హంగ్. ఓడపని చేయు ఖలాసీ అరబ్బీ మూలం గలవాడు. మనం అచ్చ తెలుగని తలచే చుక్కాని సైతం అరబ్బీలోని సుక్కాన్ నుండి వచ్చినదే. ఓడ, పడవ, తెరచాప, తెడ్డు మాత్రం మనవి. అనగా ఒకే ఓడలో తెరచాప తెలుగుది, చుక్కాని అరబ్బీది, లంగరు పారశీకానిది. గాలి వీచినప్పుడు ఏ భాష తాడును ఆ భాషవాడే లాగవలెనని నావికులు వాదించుకొనలేదు. అందరూ కలిసి లాగారు. ఉర్దూ, తెలుగు తరగతులు ప్రక్కప్రక్కనే జరిగే మన కళాశాల విద్యార్థులకు ఇంతకంటె మంచి నిఘంటు పాఠం వేరొకటి దొరకదు.

మాను ఓడగా మారిన తీరు

ఓడకు కావలసినది మొదట కలప. ఉప్పునీటికి చెడక, పురుగు పట్టక, ఎండకు పగలక నిలిచే కలపలలో టేకు శ్రేష్ఠం. గోదావరికి ఎగువనున్న కొండలలో టేకు సమృద్ధిగా పెరుగుతుంది. అడవిలో నరికిన మానులను ఒడ్డుకు చేర్చి, తెప్పలుగా కట్టి, ప్రవాహంపై దిగువకు తేల్చేవారు. నీట సులభంగా తేలని బరువు మానులకు వెదురు కట్టలు ఆధారంగా నిలిచేవి. అడవిని ఎఱిగిన కోయలు, కొండరెడ్ల శ్రమ లేనిదే మాను ఒడ్డుకు చేరేది కాదు; నదిని ఎఱిగిన తెప్పవారి నేర్పు లేనిదే పాపికొండల సుడులు దాటేది కాదు. ఓడల చరిత్రలో వర్తకుల పేర్లు మిగిలినవి. వీరి పేర్లు మిగలలేదు.

ఈ కలప ఆధారంగానే వశిష్ఠ పాయపై నరసాపురం, మాధవాయపాలెం పదిహేడవ శతాబ్దిలో ఓడల నిర్మాణానికి పేరుపొందినవి. 1670 ప్రాంతంలో ఈ తీరాన సంచరించిన థామస్ బౌరీ అనే ఆంగ్ల నావికుడు నరసాపురపు వడ్రంగుల పనితనాన్ని, అక్కడి కలప సమృద్ధిని ప్రస్తావించాడు. ఐరోపావారు సైతం తమ ఓడలను ఇక్కడ కట్టించుకొనేవారు, బాగుచేయించుకొనేవారు.

పదునెనిమిదవ శతాబ్దిలో ప్రాధాన్యం గౌతమి వైపు మరలినది. ఇంజరంలో ఆంగ్లేయులు 1708లో, యానాంలో ఫ్రెంచివారు 1723లో స్థావరాలు ఏర్పరచుకున్నారు. ఆ రెండింటికీ సముద్రద్వారం కోరంగి. మద్రాసు, కలకత్తాల నడుమ ఋతుపవనపు గాలి నుండి ఓడలకు రక్షణనిచ్చే తావులు అరుదు. కోరంగి ఆఖాతం అట్టి తావులలో ఒకటి. 1802లో ఎబెనెజర్ రోబక్ అనే ఆంగ్లేయుడు ఇక్కడ డ్రై డాక్ నిర్మించాడు. ఓడను లోనికి తెచ్చి, నీటిని తోడివేసి, అడుగుభాగాన్ని బాగుచేయుటకు వీలైన కట్టడమది. తాళ్ళరేవు పరిసరాలలో కొయ్య ఓడలు కట్టే వృత్తి తరతరాలుగా సాగినది.

ఉప్పెనలు

కోరంగి కథలో కన్నీటి అధ్యాయాలున్నవి. 1789 డిసెంబరులో వచ్చిన తుఫానులో సముద్రం మూడు కెరటాలుగా లేచి పట్టణాన్ని ముంచివేసినదనియు, ఇరువది వేలమంది మరణించారనియు గ్రంథాలు చెబుతున్నవి. పట్టణం తిరిగి నిలబడినది. అర్ధశతాబ్ది తరువాత, 1839 నవంబరు 25న, అంతకు మించిన ఉప్పెన వచ్చినది. రేవులోని ఓడలు ముక్కలైనవి, తీరగ్రామాలు కొట్టుకొనిపోయినవి. ఆ దెబ్బ నుండి కోరంగి పూర్తిగా కోలుకొనలేదు.

ఈ విపత్తు నుండి ప్రపంచానికి ఒక జ్ఞానం కూడా లభించినది. కలకత్తాలో ఉండిన హెన్రీ పిడింగ్టన్ బంగాళాఖాతపు తుఫానులలో చిక్కిన ఓడల దినచర్య పుస్తకాలను సేకరించి, గాలి ఏ గంటకు ఏ దిక్కునుండి వీచినదో పోల్చిచూచాడు. ఆయన పరిశీలించిన వాటిలో కోరంగి ఉప్పెన ఒకటి. గాలి పాము చుట్టవలె గుండ్రంగా తిరుగుచున్నదని గ్రహించి, పాము చుట్ట అను అర్థం గల గ్రీకు పదం నుండి 'సైక్లోన్' అనే మాటను 1848లో వాడుకలోనికి తెచ్చాడు. నేడు రేడియోలో, దూరదర్శన్‌లో వినిపించే ఈ మాట వెనుక బంగాళాఖాతంలో మునిగిన ఓడలవారి ప్రాణాలున్నవని తెలిసినవారు కొద్దిమంది.

దుమ్ముగూడెం ప్రయత్నం

సముద్రాన్ని అడవి దాకా తీసికొనిరావలెనని ఒకప్పుడు జరిగిన యత్నానికి ఆనవాళ్ళు మన చెంతనే ఉన్నవి. సర్ ఆర్థర్ కాటన్ 1847లో మొదలిడి 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్టను పూర్తిచేయించాడు. అటుపిమ్మట ఆయన దృష్టి ఎగువ గోదావరిపై నిలిచినది. విదర్భలోని ప్రత్తిని పడవలపై గోదావరి గుండా కోరంగి, కాకినాడ రేవులకు చేర్చవలెననేది సంకల్పం. దారిలో మూడుచోట్ల రాతి అడ్డంకులున్నవి: మొదటిది దుమ్ముగూడెం, రెండవది ఇచ్చంపల్లి, మూడవది దేవలమఱ్ఱి. పడవలు అడ్డంకిని తప్పుకొని పోవుటకై దుమ్ముగూడెంలో ఆనకట్ట, కాలువ, తలుపులు నిర్మించారు. 1860లో నిజాం ప్రభుత్వం నుండి గోదావరి ఎడమ ఒడ్డున గల తాలూకాలు ఆంగ్లేయుల పాలనలోనికి వచ్చుట ఈ యత్నానికి అనుకూలించినది.

కాని అడవి జ్వరాలు కూలీలను బలిగొన్నవి. వేసవిలో నది ఎండినది. రైలుమార్గం ప్రత్తిని బొంబాయికి త్వరగా చేర్చసాగినది. లక్షల రూపాయలు ఖర్చైన పిదప 1871లో పనులు నిలిచిపోయినవి. దుమ్ముగూడెం ఆనకట్టను చూచి వచ్చే మనలో ఎందరికి అది ఒక ఓడరేవు కోసం కట్టబడినదని తెలియును?

రంగం పోయినవారు

ఓడలు సరకును మాత్రమే గాక మనుషులను కూడా మోసినవి. పందొమ్మిదవ శతాబ్దిలో కోరంగి, కాకినాడ రేవుల నుండి వేలాది తెలుగువారు బర్మాకు వలసపోయారు. రంగూనును తీరాంధ్ర జనులు 'రంగం' అనేవారు. అక్కడి రేవులలో, ధాన్యపు మిల్లులలో పనిచేసిన తెలుగువారికి, ఏ ఊరివారైనను, 'కోరంగీలు' అనే పేరు స్థిరపడినది. మారిషస్ దీవిలోను తెలుగువారిని ఈ పేరుతోనే పిలిచేవారు. అచ్చటికి కూలీలను చేరవేసిన ఓడలలో 'కోరింగా పాకెట్' అనునది ఒకటి. చిన్న ఊరి పేరు ఒక జాతికి పేరైనది.

ఆ పేరు ఎల్లప్పుడు గౌరవంతో పలుకబడలేదు. 1930 మే నెలలో రంగూను రేవులో తెలుగు కూలీలు కూలి పెంపునకై సమ్మె చేయగా, వారి స్థానంలో బర్మీయులను తీసికొన్నారు. సమ్మె ముగిసిన పిదప రేగిన ఘర్షణలో ఎందరో తెలుగువారు ప్రాణాలు కోల్పోయారు. 1942లో జపాను సేనలు రంగూనును ఆక్రమించినప్పుడు ఓడలు దొరకని వేలమంది కొండలు, అడవులు దాటి కాలినడకన స్వదేశానికి బయలుదేరారు. ఓడపై పోయినవారు అడవిబాటన తిరిగివచ్చారు. దారిలో పడిపోయినవారు తిరిగిరాలేదు.

రేవు ఎందుకు క్షీణించినది?

కోరంగిని ఉప్పెన మాత్రమే చంపలేదు. నది తెచ్చిన ఇసుక, ఒండ్రు కూడా నెమ్మదిగా పూడ్చివేసినది. ఆవిరి ఓడలు పెద్దవైనవి. వాటికి లోతు నీరు కావలెను. కోరంగి పాయ నానాటికి మేట వేసినది. అదే సమయంలో ధవళేశ్వరం కాలువల వలన డెల్టా పంటకు కాకినాడ ద్వారమైనది; 1861–65 నాటి అమెరికా అంతర్యుద్ధ కాలంలో ప్రత్తి ఎగుమతి దానిని పైకి తెచ్చినది. ఏ ఇసుక కోరంగిని పూడ్చినదో ఆ ఇసుకయే గట్టుగా పెరిగి కాకినాడకు పెద్ద కెరటాల నుండి రక్షణ కల్పించినది. నది ఒక చేత తీసికొని మరొక చేత ఇచ్చినది.

నేటి ప్రశ్న

కోరంగి నేడు మడ అడవులకు ప్రసిద్ధం. 1978లో ఏర్పడిన అభయారణ్యం 235 చదరపు కిలోమీటర్లకు పైగా విస్తరించి ఉన్నది. హోప్ దీవి ఇసుకపై సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెడుతున్నవి. మడ చెట్ల వేళ్ళు ఉప్పెన వేగాన్ని తగ్గించి తీరాన్ని కాపాడుతున్నవి.

కాని నేల నిలుచుటకు ఒండ్రు కావలెను. పోలవరం వద్ద కొలిచిన లెక్కల ప్రకారం 1971–79 మధ్య గోదావరి ఏటా సగటున 15 కోట్ల టన్నుల ఒండ్రును దిగువకు మోసినది. 1990–98 నాటికి అది 5.7 కోట్ల టన్నులకు పడిపోయినది. ఎగువన కట్టిన జలాశయాలలో ఒండ్రు నిలిచిపోవుటయే ప్రధాన కారణమని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. డెల్టా అంచున పలుచోట్ల సముద్రం నేలను కోయసాగినది. ఒకప్పుడు ఎక్కువైన ఇసుక రేవును పూడ్చినది; ఇప్పుడు తక్కువైన ఇసుక తీరాన్ని కరగించుచున్నది. ఆనకట్టలు వద్దని చెప్పుట నా ఉద్దేశం కాదు. వాటి నీటితోనే మన పొలాలు పండుచున్నవి. ఆనకట్ట లెక్కలో నీటితో పాటు ఒండ్రు కూడా చేరవలెనని మాత్రమే నా మనవి.

1986 ఆగస్టులో భద్రాచలం వద్ద నీటిమట్టం 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరినది. వరద మనకు భయం. ఆ వరద మోసికొనిపోయిన ఒండ్రే దిగువవారికి నేల. 2014లో రాష్ట్రం రెండైనది. భద్రాచలం పట్టణం తెలంగాణలో, పరిసర గ్రామాలు పెక్కు ఆంధ్రప్రదేశ్‌లో చేరినవి. పటంపై గీత గీయవచ్చును గాని నది ఆ గీత వద్ద ఆగి అనుమతి కోరదు.

విద్యార్థులకు మనవి

చరిత్ర శాసనాలలోనే గాక మనుషుల నోట కూడా ఉండును. భద్రాచలం, కూనవరం రేవులలో పడవలు నడిపిన వృద్ధులు ఇంకను ఉన్నారు. సుడికి, గాలికి, లోతుకు, ఇసుకమేటకు వారు వాడే మాటలు ఏ నిఘంటువులోను పూర్తిగా లేవు. కోయభాషలో కలపకు, వెదురుకు గల పేర్లు అట్టివే. ఉర్దూ విద్యార్థియు తెలుగు విద్యార్థియు జంటగా పోయి, సెలవులలో ఒక్కొక్క వృద్ధుని వద్ద యాభై మాటలు వ్రాసికొని వచ్చినచో, కొలది సంవత్సరాలలో మన గ్రంథాలయంలో గోదావరి పడవ మాటల కోశమొకటి తయారగును. కళాశాల కమిటీ పెద్దలు ప్రతి ఏట ఒక తరగతిని దుమ్ముగూడెమునకు, వీలైనచో కోరంగికి, విజ్ఞానయాత్రగా పంపిన బాగుండునని సవినయంగా విన్నవించుకొనుచున్నాను.

ఆనాడు ప్రశ్న అడిగిన విద్యార్థికి ఇదే నా సమాధానం. నాయనా, మన జిల్లాకు సముద్రం లేదు, నిజమే. కాని ఆ సముద్రపు ఒడ్డున నిలిచిన నేలలో మన ఇసుక ఉన్నది; అక్కడ తేలిన ఓడలలో మన నది తెచ్చిన అడవి ఉన్నది. ఈసారి భద్రాచలం వెళ్ళినప్పుడు ఒడ్డున కూర్చుండి దోసెడు నీరు తీసి చూడుము. అడుగున కాస్త ఇసుక తేరును. దానిని తిరిగి నీటిలో వదలుము. దానికి పోవలసిన దూరం ఇంకా చాలా ఉన్నది.